నలభై తొమ్మిది వారాల తలంటు

నేరేళ్ళవరం జిల్లా కేశ పోషణ కార్యాలయానికి ఆ ఉత్తర్వు మార్చి పదో తేదీన చేరింది. రాజధానిలో అది బయలుదేరింది మాత్రం నిరుడు ఏప్రిల్ ఒకటిన. ఉత్తర్వు నిండా గుంటగలగరాకు, గోరింటాకు, కరివేపాకు అని ఆకుల పేర్లే ఉండడంతో ముందు అటవీ శాఖకు వెళ్ళింది. అక్కడ ఐదు నెలలు విశ్రాంతి తీసుకున్నాక, మూడో పేజీలో పెరుగు ఉందని ఎవరో గమనించి పాడి శాఖకు పంపారు. పాడి శాఖవారు ఇంకో ఐదు నెలలు పరిశీలించి, ఈ పెరుగు తినడానికి కాదు, తలకు రాయడానికి అని నిర్ధారణ చేసుకుని, తమకు సంబంధం లేదని రాసి ఇటు తోశారు.

నిజానికి ఉత్తర్వు చాలా మంచిది. ఆ మాట జూనియర్ అసిస్టెంటు హైమావతే ఒప్పుకుంటుంది. ఫోనులో చూసినదల్లా, పక్కింటివాళ్ళు చెప్పినదల్లా ఒకే వారంలో నెత్తిన రుద్దుకుని జనం ఉన్న జుట్టు కూడా పోగొట్టుకుంటున్నారనీ, ప్రకృతి వైద్యానికి ఓర్పు ముఖ్యమనీ అందులో రాసి ఉంది. కాబట్టి వారానికి ఒక్కటి చొప్పున ఏడాదికి యాభై రెండు పద్ధతులు. కొత్తది రాసే ముందు చెవి వెనక చిటికెడు పూసి రెండు రోజులు ఆగి చూడాలి. ఈ ఓర్పును ప్రజలకు నేర్పే ముందు శాఖ ఉద్యోగులే తమ తలలతో ఆదర్శం చూపాలి. మార్చి ముప్ఫై ఒకటికల్లా ప్రతి ఉద్యోగి తల మీదా యాభై రెండూ పూర్తయి ఉండాలి.

హైమావతి క్యాలెండరు తీసి లెక్కపెట్టింది. అప్పటికే నలభై తొమ్మిది వారాలు గడిచిపోయాయి. మిగిలినవి మూడు.

జిల్లా కేశాధికారి సర్వోత్తమరావుగారు ఆ మధ్యాహ్నమే సిబ్బందినంతా సమావేశపరిచారు. ఆయనకు నున్నటి బట్టతల. 'కేశములు గల ఉద్యోగులందరూ' అని ఉత్తర్వులో ఉండడం వల్ల ఆయనకు పథకం వర్తించదు. అందుచేత ఆయన ధైర్యంగా మాట్లాడగలిగారు.

"ఓర్పు అనునది ఎంతటి మహత్తరమైన గుణమో మీకు వేరుగా విన్నవించనక్కరలేదు. అట్టి ఓర్పును మన జిల్లాలో యుద్ధప్రాతిపదికన అమలుపరచవలసియున్నది. నలభై తొమ్మిది వారముల ఓర్పు వెనుకబడియున్నది. దానిని పదిహేను రోజులలో భర్తీ చేయుదము."

సూపరింటెండెంటు నూకరాజు లేచి నిలబడ్డాడు. యాభై నాలుగేళ్ళవాడు. ఆఫీసు మొత్తంలో మంచి జుట్టంటే ఆయనదే. నల్లగా, ఒత్తుగా, వెనక్కి దువ్వితే దువ్వెన ఆగిపోయేంత ఉంటుంది. దాని గురించి ఆయనకు కొంచెం గర్వం కూడా ఉంది.

"అయ్యా, వారానికోటి రాసుకోమన్నది ఒకదాని మీదొకటి పడకూడదనే కదండీ? అన్నీ ఒకేసారి పూసేస్తే మరి ఆ ఉత్తర్వే ఎందుకండీ?"

"ఆ విషయం ఉత్తర్వు జారీచేసిన వారు చూసుకొందురు. గడువు విషయం మనం చూసుకొందము," అన్నారు సర్వోత్తమరావుగారు. నూకరాజు కూర్చున్నాడు.

మొదటి చిక్కు చెవుల దగ్గర వచ్చింది. నలభై తొమ్మిది పద్ధతులకు రెండేసి రోజుల పరీక్షంటే తొంభై ఎనిమిది రోజులు కావాలి. కేశాధికారిగారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, ప్రతి ఉద్యోగీ అన్నీ పరీక్షించుకోనక్కరలేదనీ, తలా రెండు చెవులు పంచుకుంటే సరిపోతుందనీ తేల్చారు. ఆఫీసులో సిబ్బంది ఇరవై నలుగురు. నలభై ఎనిమిది చెవులయ్యాయి. తక్కువైన ఒక్కదానికీ ఆయన తన ఎడమ చెవి ఇచ్చారు. కుడి చెవి ఫోను కోసం అట్టేపెట్టుకున్నారు. ఒకరి చెవి ఫలితం అందరి తలలకూ వర్తిస్తుందని ఆదేశం వెళ్ళింది. హైమావతి ఎడమ చెవి వెనక కుంకుడు రసం, కుడి చెవి వెనక వేపాకు ముద్ద పెట్టారు. రెండు రోజుల తర్వాత చూస్తే ఎవరి చెవీ ఊడిపోలేదు. పరీక్ష విజయవంతమైనట్టు ఫైల్లో రాసుకున్నారు. నూకరాజు చెవి వెనక ఉల్లిరసానికి దద్దురు లేచింది గానీ, దద్దురు గురించి పట్టికలో గడి లేదు.

రెండో చిక్కు నానడం దగ్గర. ఏ ముద్ద పెట్టినా ముప్పావుగంట నానాలి. దీనికి కేశాధికారిగారు చేసిన ఏర్పాటు చూసి ఆఫీసంతా నోరు తెరిచింది. ఆయన తలను నాలుగు మండలాలుగా విభజించారు. ముంగురుల మండలం, నడినెత్తి మండలం, చెంపల మండలం, పెడతల మండలం. ఒక్కో మండలంలో ఒక్కో ముద్ద. నాలుగూ ఒకేసారి ముప్పావుగంట నానితే మొత్తం మూడు గంటలు నానినట్టే లెక్క.

"తలకు రాయవలెనని ఉన్నది గానీ, తల అంతటికీ రాయవలెనని లేదు," అని ఆయన ఉత్తర్వు చూపించారు. నిజంగానే లేదు.

పన్నెండో తేదీ నుంచి పని జోరందుకుంది. ఉదయం పదింటికి హాజరు పట్టీలో సంతకం, పదింపావుకి మెంతిపిండి, ఉసిరి, కలబంద, గోరింటాకు. పన్నెండింటికి కడుగుడు. రెండింటికి పుల్లపెరుగు, అరటిపండు, అవిసె గింజల గంజి, బియ్యం కడిగిన నీళ్ళు. పనిమీద వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగి, ఇక్కడేమన్నా వంటలా అని అడిగేవారు. అరటిపండు వాసనకు చీమలు బారులు తీరాయి. కిటికీ చువ్వల మీద కాకులు కూర్చుని నూకరాజు నడినెత్తి మండలం వైపే చూస్తూ ఉండేవి.

ప్రతి మండలానికీ ఒక పర్యవేక్షకుణ్ణి వేశారు కాబట్టి తగాదాలు కూడా వచ్చాయి. నడినెత్తి పెరుగు పల్చబడి పెడతల గోరింటాకులోకి దిగింది. పెడతల పర్యవేక్షకుడు దాన్ని ఆక్రమణగా పరిగణించి ఫిర్యాదు రాశాడు. నడినెత్తి పర్యవేక్షకుడు, పల్లానికి జారడం పెరుగు స్వభావమనీ, తమ బాధ్యత కాదనీ జవాబిచ్చాడు. కేశాధికారిగారు స్వయంగా వచ్చి, నూకరాజు తల మీద సుద్దముక్కతో హద్దు గీసి వెళ్ళారు.

వారం తిరిగేసరికి నూకరాజు జుట్టు ముందు నారింజ రంగు, పైన పచ్చ, చెంపల దగ్గర ఏ రంగో చెప్పడానికి వీల్లేని రంగు. హాజరు యంత్రం ఆయన ముఖాన్ని గుర్తుపట్టడం మానేసింది. అంతకంటే పెద్ద సంగతి, తువ్వాలు విదిలిస్తే గుప్పెడు వెంట్రుకలు రాలుతున్నాయి.

"హైమావతిగారూ, ఇది మీ నివేదికలో రాయండి," అని ఆయన ఆ గుప్పెడూ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

హైమావతి పట్టిక మొదటి నుంచి చివరిదాకా వెతికింది. పద్ధతి పేరుకు గడి ఉంది, తేదీకి ఉంది, పర్యవేక్షకుడి సంతకానికి ఉంది. జుట్టుకు లేదు. ఆమె వెళ్ళి కేశాధికారిగారిని అడిగింది.

"రాలిన వాటిని రాలినవని వ్రాయరాదు. పాత కేశముల దశలవారీ ఉపసంహరణ అని రిమార్కులలో వ్రాయుడు."

ఆమె అలాగే రాసింది. రాస్తుంటే నూకరాజు అక్కడే నిలబడి చూస్తున్నాడు. ఆమెకు సిగ్గేసింది.

ఇంతవరకూ హైమావతి తల మీద చుక్క పడలేదంటే దానికి కారణం ఆ నివేదికే. రోజూ సాయంత్రం నాలుగింటికి రాజధానికి పంపాలి. కాగితాలు తడవకూడదు. అందుకని ఆమె వంతు ఆఖరికి నెట్టారు. ఆమె లోలోపల దండం పెట్టుకుంటూ చీరకొంగు నెత్తిన లాక్కుని పనిచేసుకునేది. ఆ కొంగు కింద ఏముందో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

నిరుటి వానాకాలంలో ఆమెకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తగ్గాక జుట్టు ఊడటం మొదలుపెట్టింది. భయంతో ఆమె ఒక్క నెలలో ఏడు రకాలు ప్రయత్నించింది. ఉల్లి, వేప, గుడ్డుసొన, ఇంకా ఎవరు ఏం చెబితే అది. నుదుటి మీద నుంచి నడినెత్తి దాకా నున్నగా అయిపోయింది. అప్పుడు అత్తగారు చిట్టెమ్మ వంటింటి గట్టు మీదున్న సీసాలన్నీ ఊడ్చి పెరట్లో పారబోసింది.

"ఏడు మందులు ఒక్క నెలలో పూస్తే ఏది ఊడగొట్టిందో, ఏది మొలిపించేదో నీకెలా తెలుస్తుందే అమ్మాయ్? ఒక్కటి పెట్టు. ఆరు వారాలు దాని మొహమే చూడు. బావుంటే ఉంచు, లేకపోతే తీసెయ్. అప్పుడు రెండోదాని జోలికెళ్ళు."

దసరా తర్వాత మొదటి ఆదివారం పెట్టిన మందారాకు ముద్ద ఇప్పటికీ అదొక్కటే. ఆదివారం ఒక్కసారి. నెలన్నర దాటాక నుదుటి పైన చిన్నపిల్లల జుట్టులాంటి నూగు కనిపించింది. ఇప్పుడది రెండంగుళాలు. చిట్టెమ్మ ఆరు వారాలకోసారి వేలితో కొలిచి చూసేది. జడలో మూరెడు కనకాంబరాలు నిలిచిన రోజు తన మొక్కకు పూసిన మొదటి కోత కోడలికేనని మాటిచ్చింది. హైమావతికి ఈ ఏడాది వేరే కోరికేమీ లేదు. ఆ మూరెడు పూలు నిలవాలి, అంతే.

ఇరవై ఆరో తేదీన రాజధాని నుంచి డైరెక్టరుగారు తెర మీద కనిపించారు. జిల్లాలన్నిటికీ తొంభై శాతం పైనే ఉంది. అయితే ఆయనకు కొత్త సందేహం పుట్టింది.

"అంకెలు సంతృప్తికరముగా ఉన్నవి. జుట్టు ఎక్కడైనా పెరిగినదా?"

ఎవరూ ఊహించని ప్రశ్న అది.  సర్వోత్తమరావుగారు కంగారుగా కెమెరా నూకరాజు వైపు తిప్పి, మళ్ళీ వెంటనే పక్కకు తిప్పారు. పక్కనే కాగితాలు అందిస్తున్న హైమావతి ఉంది. ఫ్యాను గాలికి కొంగు జారింది.

"ఆగుము. ఆ వెనుకనున్న ఉద్యోగిని నుదుటి పైన ఉన్నది కొత్త జుట్టే కదా? అద్భుతము. ముప్ఫై ఒకటిన నేనే స్వయముగా వచ్చి ఆ తలను దర్శించెదను. అది రాష్ట్రమునకే నమూనా తల."

సమావేశం ముగియగానే కేశాధికారిగారు ఆమెను పిలిచి, ఏం వాడావని అడిగారు. మందారాకు అని చెప్పింది. ఇంకా? ఇంకేమీ లేదండి. ఆయన ముఖం మాడిపోయింది. అరగంటలో ఆమె చేతికి సంజాయిషీ కాగితం వచ్చింది. 'పథకమందలి ఏబది యొక్క పద్ధతులను కించపరచు రీతిలో, ఒకే ఒక్క ఆకుతో, ముందస్తు అనుమతి లేకుండా, జుట్టు మొలిపించుకొన్నందుకు మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో' తెలియజేయాలి. అంతేకాక నమూనా తల అసంపూర్ణంగా ఉండరాదు కాబట్టి, ఇరవై ఎనిమిదో తేదీ మొదలుకొని మూడు రోజుల్లో మిగతా యాభై ఒక్క పద్ధతులూ ఆ తలపై పూర్తి చేయాలి.

హైమావతి ఇంటికెళ్ళేసరికి చిట్టెమ్మ పెరట్లో మందార చెట్టు దగ్గర ఉంది. కోడలు మెట్టు మీద కూర్చుని ఏడ్చేసింది. టైఫాయిడ్‌లో కూడా అంత ఏడవలేదు.

"ఉద్యోగం కావాలత్తయ్యా. ఈ రెండంగుళాలూ కావాలి. రెండిట్లో ఏది వదులుకోమంటావు?"

చిట్టెమ్మ ముందు కేశాధికారిని, తర్వాత డైరెక్టరును, ఆ తర్వాత వాళ్ళను కన్నవాళ్ళను ఓపికగా తిట్టింది. తిట్టడం అయ్యాక కోడలి పక్కన కూర్చుంది.

"అయితే నాకు తెలీకడుగుతాను. మీ ఆఫీసులో నిదానంగా జరిగే పనంటూ ఒక్కటీ లేదుటే?"

"ఫైలొక్కటే నిదానంగా నడుస్తుంది," అంది హైమావతి ముక్కు తుడుచుకుంటూ. అనేశాక అత్తగారి ముఖంలోకి చూసింది. అత్తగారు ఆమె ముఖంలోకి చూసింది.

మర్నాడు హైమావతి సంజాయిషీ ఇచ్చింది. అందులో ఎక్కడా కాదనలేదు. తన శిరస్సును ప్రభుత్వ కార్యక్రమానికి సంతోషంగా సమర్పిస్తున్నానని రాసింది. అయితే ఉత్తర్వు ఏడో పేరాలో 'చెవి వెనుక' పరీక్షించాలని ఉన్నది గాని, ఏ చెవి అన్నది లేదు. నమూనా తల విషయంలో పొరపాటు జరిగితే రాష్ట్రమంతటా అదే పొరపాటు పాటించే ప్రమాదం ఉంది. కావున తగు స్పష్టత ఇప్పించగలరు.

సర్వోత్తమరావుగారు దాన్ని మూడుసార్లు చదివారు. కుడి అని ఆయనే చెప్పేయవచ్చు. కానీ రేపు ఎడమ అని తేలితే? ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన స్పష్టత కోరి ఎన్నడూ చెడలేదు. నిర్ణయం తీసుకుని మాత్రం రెండుసార్లు బదిలీ అయ్యారు. కలం తీసి, అంచున 'ప్రభుత్వ అభిప్రాయమునకై నివేదించడమైనది. అంతవరకు సదరు శిరస్సుపై యథాతథ స్థితి' అని రాశారు.

"యథాతథమంటే, ఆదివారం ఆకు పెట్టుకోవచ్చాండీ?" అని అడిగింది హైమావతి.

"యథాతథమనిన ఎట్లున్నదో అట్లే," అన్నారాయన. ఆమె దాన్ని కూడా ఫైల్లో రాయించుకుంది.

ముప్ఫై ఒకటిన డైరెక్టరుగారు వచ్చారు. నమూనా తల ప్రభుత్వ పరిశీలనలో ఉందని చెప్పగా, దూరం నుంచి నమస్కరించి వెళ్ళిపోయారు. జిల్లా నూటనాలుగు శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. పైన నాలుగు శాతం ఎలా వచ్చిందంటే, హద్దు దాటిన పెరుగును రెండు మండలాల్లోనూ లెక్కగట్టారు. వేదిక మీద ఉద్యోగులందరికీ ప్రశంసాపత్రాలు ఇచ్చారు. అందరూ తలకు తువ్వాలు చుట్టుకునే అందుకున్నారు. నూకరాజు తన పత్రం తీసుకుని కిందికి దిగుతుంటే తువ్వాలు జారింది. కింద ఏమీ లేదు. సభ చప్పట్లు కొట్టింది. నూకరాజు తువ్వాలు తీసుకుని మళ్ళీ చుట్టుకుంటుంటే చప్పట్లు కొట్టనిది హైమావతి ఒక్కతే. 

ఫైలు మాత్రం చక్కగా నడిచింది. ఆరు వారాలకు మొదటిసారి తిరిగొచ్చింది, చెవి కొలతలు పంపమని. హైమావతి పంపింది. ఇంకో ఆరు వారాలకు, కొలతలు అంగుళాల్లోనా సెంటీమీటర్లలోనా అని. అదీ చెప్పింది. ఈలోగా నూటనాలుగు శాతం పుణ్యమా అని సర్వోత్తమరావుగారికి ప్రమోషన్ వచ్చి రాజధానికి వెళ్ళారు. స్పష్టతలు ఇచ్చే విభాగానికి ఆయన్నే అధిపతిని చేశారు. తాను అడిగిన ప్రశ్న తన బల్ల మీదికే రావడం చూసి ఆయన ఏమాత్రం తొణకలేదు. క్షేత్రస్థాయి వాస్తవాలు తెలియజేయమని జిల్లాకే తిప్పి పంపారు.

ఫైలు వెళ్ళిన ప్రతిసారీ ఆరు వారాలు. ఆరు వారాలకోసారి చిట్టెమ్మ వేలితో కొలత. కోడలి జుట్టు అంత క్రమశిక్షణతో పెరిగింది.

ఏడాదిన్నర తిరిగాక ఓ బుధవారం ఆఖరి ఉత్తర్వు వచ్చింది. పదకొండు పేజీల చర్చ తర్వాత అందులో 'ఎడమ చెవి' అని ఉంది. హైమావతి దాన్ని చదువుతుంటే ఆమె జడలో కనకాంబరాలున్నాయి. జడ పొట్టిదే. పూలు సరిగ్గా మూరెడు. పొద్దున్న చిట్టెమ్మ తనే కోసి, తనే కట్టి, తనే పెట్టింది. పెడుతూ కళ్ళొత్తుకుంది.

హైమావతి కొత్త కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. 'ఎడమ అనగా ఉద్యోగికి ఎడమయా, ఎదుట కూర్చుని పరీక్షించు అధికారికి ఎడమయా అను విషయమై...'

"హైమావతిగారూ." తలెత్తి చూస్తే నూకరాజు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏడాదిన్నరగా ఆయన తువ్వాలు విప్పలేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఇప్పుడు విప్పాడు. అక్కడక్కడ నాలుగు వెంట్రుకలు తప్ప మరేం లేదు.

"సిగ్గిడిచి అడుగుతున్నానండీ. మీరు తలకేం రాశారో నాకూ చెప్పండి. వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. ఫొటోల్లో కొంచెమైనా..."

హైమావతి ఏదీ దాచలేదు. లేత మందారాకులు, నీళ్ళతో నూరాలి, ఆదివారం ఒక్కసారి, గంట ఆగి కడుక్కోవాలి, ఇంకేదీ కలపకూడదు, ఆరు వారాలు ఊరికే చూస్తూ కూర్చోవాలి. నూకరాజు ఒక్కో మాటకూ తల ఊపుతూ చిన్న కాగితం మీద శ్రద్ధగా రాసుకున్నాడు. రాసుకున్నది ఒకసారి చదువుకున్నాడు. వేళ్ళ మీద ఏదో లెక్కవేశాడు. ఆయన ముఖం వెలిగింది.

"అలాగైతే రోజూ పొద్దునోసారి, సాయంత్రమోసారి పెడితే ఆరు వారాలది మూడు రోజుల్లో అయిపోద్ది కదండీ?"

 హైమావతికి కోపం రాలేదు. జాలేసింది. సొరుగు లాగి తెల్లకాగితం ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది.

"ఆ ప్రశ్న దీని మీద రాసివ్వండి నూకరాజుగారూ," అంది మెల్లిగా. "స్పష్టత కోసం పైకి పంపిస్తాను. జవాబొచ్చేదాకా ఆదివారం ఒక్కసారే పెట్టుకోండి."